దాచమని చెప్పింది నేనే

2019 ఆషాఢం. పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో, మూడో అంతస్తులో నా ఆఫీసు. నేను పేటెంట్ ఏజెంటుని. ఎవరైనా కొత్త యంత్రమో పద్ధతో కనిపెడితే దాన్ని చట్టం అడిగే భాషలో రాసి, చెన్నైలోని పేటెంట్ ఆఫీసులో దాఖలు చేయడం నా పని. పేటెంట్ అంటే ఒక ఒప్పందం. కనిపెట్టినవాడు తన సంగతి లోకానికి విడమరచి చెప్పాలి. బదులుగా ఇరవై ఏళ్లపాటు తన అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని వాడకుండా ఆపే హక్కు అతనికి వస్తుంది. దీనికి మొదటి షరతు కొత్తదనం. దాఖలు చేసే రోజుకి ఆ సంగతి ఎక్కడా బయటపడి ఉండకూడదు. ముందే బయట ఉన్న సమాచారాన్ని మేము ప్రయర్ ఆర్ట్ అంటాం. అది కనబడితే ఇక పేటెంట్ రాదు.

అందుకే మా వృత్తిలో, క్లయింటు కుర్చీలో కూర్చోగానే చెప్పే మొదటి మాట ఒకటే: ఎవరికీ చెప్పకండి. నేనైతే దాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకున్నాను. "ఫైలింగ్ అయ్యేదాకా మౌనమే మీ ఆస్తి." నేనే కూర్చిన వాక్యం. చాలా ఏళ్లు దాన్ని చూసుకుని మురిశాను.

యాదగిరి నా దగ్గరికి వచ్చింది బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజున. ట్రాఫిక్ మళ్లించడంతో అమీర్‌పేట నుంచి నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. నలభైకి దగ్గర పడిన మనిషి. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డేటాబేస్ పాఠాలు చెబుతాడు. మిగిలిన టైములో "ముడి" అనే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడు అందరికీ కనబడుతుంది, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ముడి చేసే పని చిన్న ఆసుపత్రులకు పనికొచ్చేది. బోరబండలో ఒక క్లినిక్ ఉంది. చీటీ రాసే దగ్గర ఒక ట్యాబ్, మందులిచ్చే దగ్గర ఒకటి. నెట్ వస్తూ పోతూ ఉంటుంది. నెట్ లేనప్పుడు రెండు చోట్లా ఒకే పేషెంటు వివరాలు వేరువేరుగా ఎక్కితే, తర్వాత ఏది నిలబడాలి? ముడి రెంటినీ పోగొట్టకుండా కలుపుతుంది. యాదగిరి కొత్తగా కనిపెట్టిందేమిటంటే, నెట్ అర నిమిషమే వచ్చినా సరే, ట్యాబ్‌లో మిగిలిన బ్యాటరీని, సిగ్నల్‌ని చూసుకుని, ముందు చిన్న సారాంశం పంపి, తేడా ఉన్న ముక్క ఒక్కటే తర్వాత పంపే పద్ధతి. మన దేశంలో ఉత్త సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ ఇవ్వరు. ఇది పరికరం బ్యాటరీతో, సిగ్నల్‌తో ముడిపడింది కాబట్టి అవకాశం ఉందనిపించింది.

"అన్నా, నాకు పేటెంట్ గావాలె" అన్నాడు యాదగిరి. "కానీ ఎవ్వల్ని ఆపనీకి గాదు. నన్ను ఎవ్వడు ఆపకుంట ఉండనీకి."

"అదేంటి యాదగిరి గారూ?"

"గిప్పుడు ఒక ప్లాటు ఉన్నదనుకో. రిజిస్ట్రేషన్ నా పేరు మీద ఉండాలె. కానీ కాంపౌండ్ వాల్ కట్ట. గల్లీ పోరగాండ్లు వచ్చి క్రికెట్ ఆడుకోవచ్చు. రేపు ఎవడో వచ్చి, ఇది నాది, నడువుర్రి బైటికి అంటె మాత్రం కాయితం తీసి చూపెడ్త."

డిఫెన్సివ్ పేటెంట్ అనే దాన్ని ఇంతకన్నా తేలికగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. పేటెంట్‌ని కత్తిగా కాకుండా డాలుగా వాడటం. నేను దాని గురించి చదివాను గానీ, ఆ పని మీద వచ్చిన మనిషిని చూడటం అదే మొదలు. పైకి తల ఊపాను. లోపల మాత్రం, హక్కు తెచ్చుకుని వాడుకోనంటున్న అమాయకుడు అనుకున్నాను.

"ఇది ఎక్కడైనా బయటపెట్టారా?"

"మూడు వారాలాయె. కోడు, ఎట్ల పనిచేస్తదో రాసిన వివరం, రెండు నెట్ల పెట్టిన."

ఆ క్షణాన నేను చెప్పవలసిన మాట ఇది: "అయితే మీ పని సగం అయిపోయింది. మీరు బయటపెట్టేశారు కాబట్టి దీని మీద ఇక ఎవరికీ పేటెంట్ రాదు. అలాగే ఉంచండి. తేదీకి ఇంకో నాలుగు సాక్ష్యాలు పోగు చేద్దాం." దీన్ని డిఫెన్సివ్ పబ్లికేషన్ అంటారు. ఎవరూ ఆక్రమించకుండా ముందే ఊరందరికీ చాటి చెప్పడం. పేటెంటు కన్నా చవక, అతనికి అసలు కావలసింది అదే.

నేను గోడ మీద ఉన్న మాటే చెప్పాను.

"ఎంతమంది చూశారు?"

"మస్తు మంది లేరన్నా. ఇరవై మంది సుత ఉండరు."

"వెంటనే తీసేయండి. పాత కాపీ ఆనవాలు కూడా మిగలకూడదు. నెలలో ఫైల్ చేసేద్దాం."

"దాచుడు అంటె మా ఓపెన్ సోర్సోళ్ల తాన తప్పు లెక్క" అన్నాడు. "అయినా నీ పని నీకు ఎరుక." బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి, నా టేబుల్ మీదే, నా ఎదురుగానే అంతా చెరిపేశాడు. ఛాయ్ చల్లారేలోపు అయిపోయింది.

ఇక్కడ నా సంగతి దాచకుండా రాయాలి. ఒకసారి బయటపడ్డది, తీసేసినంత మాత్రాన మళ్లీ కొత్తది కాదు. ఇరవై మంది చూసినా ఒక్కరు చూసినా చట్టానికి ఒకటే. అది నాకు బాగా తెలుసు. ఎవరూ పట్టుకోరులే అనుకున్నాను. పైగా మరుసటి నెలలో మా ఏజెంట్ల సమావేశం ఒకటుంది. అక్కడ నేను మాట్లాడాలి. ఓపెన్ సోర్స్ కేసు ఒకటి నా చేతిలో ఉందని చెప్పుకోవాలనే ఉబలాటం. చెప్పుకున్నాను కూడా. చప్పట్లు కొట్టారు.

డ్రాఫ్టు మాత్రం రాయలేదు. పెద్ద క్లయింట్లు వచ్చారు, వాళ్ల గడువులు వచ్చాయి. యాదగిరి ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే వారం" అన్నాను. 2020 జనవరిలో అతనే ఫోన్ చేసి చెప్పాడు: "అన్నా, నీ వచ్చే వారం వచ్చేసరికి మా బోరబండ డాక్టర్‌కు రిటైర్మెంట్ వచ్చేటట్టున్నది. నేనైతె మళ్ల బైట పెట్టేసిన. పేటెంట్ గీటెంట్ ఇడిసిపెట్టు." నాకు బరువు దిగినట్టయింది. ఫైలుని కింది అరలో పెట్టేశాను.

తర్వాత కరోనా వచ్చింది. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లు మూతపడ్డాయి, పాఠాలు ఆన్‌లైన్‌కి పోయాయి. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల బయట టు-లెట్ బోర్డులు వేలాడాయి.

మా వృత్తిలో ఒక అలవాటుంది. దాఖలైన దరఖాస్తుల్ని పేటెంట్ ఆఫీసు పద్దెనిమిది నెలలు మూసి ఉంచి, ఆ తర్వాత తన జర్నల్‌లో ప్రచురిస్తుంది. ఆ జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. ఛాయ్ పెట్టుకుని దాన్ని తిరగేయడం మాకు పంచాంగం చూసినట్టు. 2021లో ఒక శుక్రవారం అలా చూస్తుంటే ఒక కంపెనీ దరఖాస్తు కనబడింది. నెట్ నిలకడగా లేని చోట ఆసుపత్రి రికార్డులు కలిపే పద్ధతి. బ్యాటరీ, సిగ్నల్, ముందు సారాంశం, తర్వాత ముక్క. అక్షరాలా యాదగిరిది. దాఖలు తేదీ 2019 నవంబరు. అంటే, జూలైలో మేము చెరిపేయడానికీ జనవరిలో అతను మళ్లీ పెట్టడానికీ మధ్య, నేను తెరిచిన ఖాళీలోకి సరిగ్గా వచ్చి పడింది.

వాళ్లు కాపీ కొట్టారని నేను అనను. ఒకే ఇబ్బంది ఉన్నచోట ఇద్దరికి ఒకే ఉపాయం తట్టడం మా వృత్తిలో రోజూ చూసేదే. వాళ్లు అంతా పద్ధతి ప్రకారమే చేశారు. యాదగిరి పెట్టినది పెట్టినట్టు ఉంటే ఆ దరఖాస్తు నిలిచేదే కాదు. జర్నల్ మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆరు శుక్రవారాలు గడిచాయి.

ఏడో వారం యాదగిరి వచ్చాడు, చేతిలో ఒక ఉత్తరం కాపీతో. ముడి వాడుతున్న క్లినిక్‌లకి ఆ కంపెనీ రాసింది. మర్యాదగానే రాసింది. ఈ పద్ధతి మీద మా పేటెంట్ దరఖాస్తు పరిశీలనలో ఉంది, ముందు ముందు ఇబ్బంది లేకుండా మా సాఫ్ట్‌వేర్‌కి మారితే మంచిది అని.

"బోరబండ డాక్టరమ్మ ఫోన్ చేసింది" అన్నాడు. "యాదగిరీ, నీది మంచిగనే ఉన్నది గని, కోర్టు గీర్టు అంటె నాకు భయం, దసరాకు తీసేస్తం అన్నది. మిగిలినోళ్లు సుత గదే మాట. వాళ్లు పోతె ముడి ఉండదన్నా. ఎనిమిదేండ్ల పని." ఉత్తరం నా ముందు పెట్టి అడిగాడు. "నువ్వు శుక్రవారం శుక్రవారం గా పుస్తకం చూస్తవు గద. ఇది కనబడలేదా?"

"లేదు. చూడలేదు" అన్నాను.

ఇన్నేళ్ల వృత్తిలో నేను చాలా పొరపాట్లు చేశాను. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లలోకి చూసి చెప్పిన అబద్ధం ఇదొక్కటే అనుకుంటాను.

దారి ఒకటుంది. పేటెంట్ మంజూరు కాకముందే ఎవరైనా సాక్ష్యంతో అభ్యంతరం చెప్పవచ్చు. దాన్ని ప్రీ-గ్రాంట్ ఆపోజిషన్ అంటారు. కావలసింది 2019 నవంబరుకి ముందే ఈ పద్ధతి బయట ఉందన్న రుజువు. ఇంటర్నెట్‌లో పాత పేజీల్ని భద్రపరిచే చోట్లన్నీ వెతికాం. ఏమీ దొరకలేదు. అప్పట్లో చూసిన ఆ ఇరవై మంది ఎవరో కూడా తెలియదు. మేము చెరిపింది అంత శుభ్రంగా చెరిపాం.

"క్లాసుల చెప్పిన గద అన్నా" అన్నాడు యాదగిరి ఉన్నట్టుండి. "ఆ యేడు ఎండకాలం బ్యాచ్‌ల, రెండు ఆదివారాలు, ఇదే బోర్డు మీద గీసి చెప్పిన. ఉదాహరణకు నా సొంత పనే చెప్త నేను."

"క్లాసులో చెప్పిన మాటకి రుజువేముంటుంది?"

"మాటకు లేదు. మెటీరియల్‌కు ఉంటది."

అమీర్‌పేటలో చదివినవాళ్లకి మెటీరియల్ అంటే ఏమిటో చెప్పక్కరలేదు. క్లాసులో బాగా రాసుకునే ఒక స్టూడెంట్ నోట్సు జిరాక్స్ షాపుకి చేరుతుంది. షాపువాడు స్పైరల్ బైండింగ్ చేసి, సారు పేరు రాసి, అడిగినవాళ్లకల్లా అమ్ముతాడు. క్లాసుకి రానివాళ్లు కూడా కొనుక్కుంటారు. ఆ సందుల్లో నడిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. హక్కుల మీద బతికే మనిషిని కదా. మా ఆఫీసు కాయితాలు ప్రింటు తీసే ఖాజా భాయ్‌కి ఒకసారి షాపులోనే, జనం ముందు, ఇది దొంగతనమని పాఠం చెప్పాను కూడా.

యాదగిరి నన్ను తీసుకెళ్లింది సరిగ్గా ఆ షాపుకే. కరోనా తర్వాత రెండు షట్టర్ల షాపు ఒక షట్టరైంది. ఖాజా భాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆయియే సార్. చోరీ మాల్ కొననీకి వచ్చిన్రా?"

"ఖాజా భాయ్, ఆ రోజు నేను..."

"అరె, మజాక్ చేస్తున్న సార్. కూసోండ్రి." స్టూలు జరిపాడు. యాదగిరి వైపు తిరిగాడు. "మీ మెటీరియల్ ఆఖరి కాపీ లాక్‌డౌన్‌ల పోయింది సార్. మాస్టర్ కాపీ వానకు తడిసి ఖరాబైంది."

యాదగిరి ముఖం వాడిపోయింది. ఖాజా భాయ్ కంప్యూటరు వైపు జరిగాడు. "జర ఆగుండ్రి. మెయిల్‌ల ఉంటది. నేను ఏది డిలీట్ చెయ్య. పోరగాండ్లు రెజ్యూమె పంపి ప్రింట్ తీసుకుంటరు, రెండేండ్లకు మళ్లొచ్చి, భాయ్, నా పాతది ఉందా అంటరు. వాళ్ల ఫోన్ల ఉండదు, నా తాన ఉంటది."

పదిహేను నిమిషాలు వెతికాడు. 2019 జూన్‌లో ఒక అమ్మాయి తన నోట్సు స్కాన్ చేసి షాపుకి పంపిన మెయిల్ దొరికింది. నూట నలభై పేజీలు, గుండ్రటి చేతిరాత, ప్రతి క్లాసుకీ పైన తేదీ. తొంభై రెండో పేజీలో ట్యాబ్ బొమ్మ, పక్కన బ్యాటరీ, బాణాలు. అంతా ఉంది. మార్జిన్‌లో చిన్నగా రాసి ఉంది: "సార్ జోక్ - బ్యాటరీ తక్కువున్నప్పుడు పెండ్లి పత్రిక మొత్తం చదవొద్దు, పిల్ల పేరు పిలగాని పేరు చెప్పి ఫోన్ పెట్టెయ్యాలె."

"జోక్ సుత రాసుకున్నదా" అని యాదగిరి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ వారం ఇద్దరు పాత స్టూడెంట్లు దొరికారు. వాళ్లు ఆ బ్యాచ్‌వాళ్లు కారు, నోట్సు మాత్రం షాపులో కొనుక్కున్నవాళ్లు. అదే మాకు బలం. తెలిసినవాళ్లకే కాదు, అడిగిన ఎవరికైనా దొరికింది అనడానికి వాళ్లే రుజువు. ఇక అఫిడవిట్లు, అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలాలు, రాయడం మిగిలింది. యాదగిరి అఫిడవిట్‌లో ఒక సంగతి తప్పకుండా రావాలి. అదే జూన్‌లో నెట్‌లో పెట్టినది జూలైలో ఎందుకు తీసేశాడు? అది చెప్పకపోతే అవతలివాళ్లు అడుగుతారు: బయటపెట్టాలనే ఉద్దేశమే ఉంటే ఎందుకు దాచావు, ఈ నోట్సు కూడా తర్వాత పుట్టించింది కాదా అని.

నేను "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి ఇచ్చాను.

యాదగిరి చదివి, వేలు ఆ మాట మీద పెట్టాడు. "ఇదేంది అన్నా? ఏం సాంకేతిక కారణం?"

చెప్పడానికి చాలా మాటలు నాకు వచ్చు. నా వృత్తే అది. అవన్నీ పక్కన పెట్టాను. చివరికి మొదటినుంచీ చెప్పాను. ఆ రోజు అలాగే ఉంచమని చెప్పవలసింది, దాచమన్నది నా అలవాటు, నా గొప్ప కోసం. తీసేసినా చట్టం ముందు కొత్తది కాదని నాకు తెలుసు. నెల అని చెప్పి ఆరు నెలలు ముట్టుకోలేదు. జర్నల్ ఆరు వారాల ముందే చూశాను, చూడలేదని అబద్ధం చెప్పాను.

అతను చాలాసేపు కిటికీలోంచి మెట్రో పోవడం చూశాడు.

"తీసేయమన్నది సమజైతది" అన్నాడు చివరికి. "ఎవలకైన తప్పు పోతది. ఆరు వారాలు, అన్నా. డాక్టరమ్మ భయపడకముందే చెప్పి ఉంటె నేను పోయి ధైర్యం చెప్పుకుందును గద."

"ఈ కేసు నేను చేయకూడదు" అన్నాను. "వేరేవాళ్లకి అప్పగిస్తాను. నేను సాక్షిగా ఉంటాను."

"ఉండు మరి. గా లైన్ కొట్టేసి, ఉన్నదున్నట్టు రాయి."

మా వృత్తిలోనే ఉన్న ఒక సీనియర్ మేడం కేసు తీసుకున్నారు. నేను నా పేరు మీద అఫిడవిట్ ఇచ్చాను. తీసేయమని సలహా ఇచ్చింది నేను, ఆ సలహా తప్పు అని రాసి సంతకం పెట్టాను. ఆ కాయితం పేటెంట్ ఆఫీసు రికార్డులో ఉంది. ఎవరైనా తెరిచి చదవవచ్చు. ఒకరిద్దరు క్లయింట్లు చదివారు కూడా, ఆ తర్వాత రాలేదు. వాళ్లది తప్పనను.

యాదగిరి ఒక్కొక్క క్లినిక్‌కీ తిరిగాడు. నన్నూ వెంట తీసుకెళ్లాడు. దరఖాస్తు అంటే ఇంకా పేటెంట్ కాదని, అభ్యంతరం వేశామని నేనే చెప్పాలన్నది అతని షరతు. బోరబండ డాక్టరమ్మ అంతా విని, "దాయమన్నది మీరేనా?" అని అడిగారు. అవునన్నాను. "మరి ఈసారి మీ మాట ఎందుకు నమ్మాలండీ?" అన్నారు. "నన్ను నమ్మక్కరలేదు, ఇది చదవండి" అని నోట్సు తొంభై రెండో పేజీ చూపించాను. ఆవిడ మార్జిన్‌లో జోకు చదివి నవ్వారు. ముడిని ఉంచారు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు అప్పటికే మారిపోయారు. వాళ్లు తిరిగి రాలేదు.

విచారణ వీడియోలో జరిగింది. అవతలి ఏజెంటు నా అఫిడవిట్‌లోని ప్రతి వాక్యం మీదా అడిగాడు. ప్రతిదానికీ అవునన్నాను. కొన్ని నెలల తర్వాత ఉత్తర్వు వచ్చింది. అడిగిన ఎవరికైనా షాపులో అమ్మిన క్లాసు నోట్సు ప్రచురణ కిందికే వస్తుందని, అందులో ఈ పద్ధతి పూర్తిగా ఉందని, దరఖాస్తు తిరస్కరించారు. ఖాజా భాయ్ ఉత్తర్వులో ఆ మాట ఉన్న పేజీని ప్రింటు తీసి, లామినేషన్ చేసి, మెషీన్ పైన తగిలించాడు. "ఇప్పుడు చెప్పుండ్రి సార్, నాది చోరీనా, పబ్లికేషనా?" అంటాడు నన్ను చూసినప్పుడల్లా.

తర్వాత యాదగిరి ముడిలో ఇంకొక మెరుగు చేశాడు. అది బయటపెట్టకముందే దాఖలు చేశాం. ఈసారి పదిహేను రోజుల్లో డ్రాఫ్టు రాశాను. దాంతోపాటు అందరికీ తెలిసేలా ఒక హామీ ప్రకటించాం: దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మేము ఎవరి మీదా కేసు వేయం, ముడి మీద కేసు వేసేవాళ్ల మీద తప్ప. రిజిస్ట్రేషన్ ఉంది, కాంపౌండ్ వాల్ లేదు. మిగిలిన చిన్న చిన్న మార్పులన్నిటికీ పేటెంట్ ఊసే లేదు. ఏది చేసినా వివరం రాసి తేదీతో నెట్‌లో పెడతాడు, ఒక కాపీ ఖాజా భాయ్ ర్యాక్‌లో పెడతాడు. దాన్ని కొనేవాళ్లు అంతగా ఉండరు. మొదటి కాపీ నేను కొంటాను.

గోడ మీది ఫ్రేము తీసేశాను. మౌనం చెడ్డదని కాదు, చాలామందికి అదే సరైన సలహా. కానీ మనిషి ఏం కావాలని వచ్చాడో వినకముందే జవాబు గోడకి తగిలించి ఉంచడం సలహా కాదు. ఇప్పుడు ముందు ఒకటే అడుగుతాను: ఇది మూసి ఉంచాలా, తెరిచి ఉంచాలా? జవాబు పూర్తయ్యేదాకా పెన్ను ఎత్తను.

యాదగిరి నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. అడగలేదు, అతనూ చెప్పలేదు. కానీ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు. పలకరింపు ఉండదు.

"చూసినవా అన్నా?"

చూసి ఉంటే చూశానంటాను. ఆఖరి పేజీ దాకా కాకపోతే, "ఇంకా ముప్పై పేజీలున్నాయి, లైన్‌లో ఉండండి" అంటాను. అతను లైన్‌లోనే ఉంటాడు.